పడవ కవరు సొంతంగా కుట్టుకునేవారికి: ఏ గుడ్డ, ఏ దారం, ఏ కుట్టు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల సముద్ర వేటపై నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టి పెరగడానికి ఆ విరామం అవసరమే గాని, ఇసుక మీదికి లాగి పెట్టిన ఫైబరు బోటుకు మాత్రం ఏడాది మొత్తంలో అవే గడ్డు రోజులు, ఎందుకంటే రోహిణి కార్తె కూడా ఆ రెండు నెలల్లోనే వస్తుంది. ఎండకు ఫైబరు పైపూత మెరుపు పోయి, చేత్తో రాస్తే సుద్దలాంటి పొడి అంటుకునే స్థితికి వస్తుంది. ఇంజను రబ్బరు గొట్టాలు బీటలు వారతాయి. బోటులోనే వదిలేసిన నైలాను వల బలం కోల్పోతుంది. ఏదో ఒకటి కప్పాలని అందరికీ తెలిసిందే. ఏది కప్పాలి, ఎవరి చేత కుట్టించాలి, ఏ దారం వాడాలి అన్న చోటే డబ్బు వృథా అవుతుంది.

ఈ పోలిక కోసం రెండు పడవలను ఎదురెదురుగా పెట్టుకుందాం. మొదటిది ఇంచుమించు 28 అడుగుల ఫైబరు బోటు. ఎనిమిదిన్నర మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉండి, పది నెలలు నీటిలో తిరిగి రెండు నెలలు ఒడ్డున పడి ఉంటుంది. రెండవది హైదరాబాదులో హుస్సేన్ సాగర్ మీద తెరచాప పోటీల్లో కనిపించే చిన్న పడవ. లేజర్ అని పిలిచే ఈ ఒక్కరు నడిపే పడవ పొడవు 4.2 మీటర్లు, వెడల్పు 1.4 మీటర్లకు కాస్త తక్కువ. ఇలాంటిది ఏడాదిలో అధిక భాగం ఒడ్డున కవరు కిందే ఉండి, వారానికి కొన్ని గంటలు మాత్రమే నీటిలోకి దిగుతుంది. మొదటి బోటు కవరు ఏడాదికి 61 రోజులు ఎండలో ఉంటే, రెండవ దాని కవరు 300 రోజులకు పైగా ఉంటుంది. గుడ్డ ఎంపికను అన్నిటికంటే ముందు ఈ లెక్కే నిర్ణయించాలి. చాలామంది వానను మనసులో పెట్టుకొని గుడ్డ కొంటారు. కవరును తినేసేది మాత్రం ఎండ.

గుడ్డల సంగతి

ఊరి బజారులో సులువుగా దొరికేది ప్లాస్టిక్ పట్టా, అంటే వడ్లు ఆరబోయడానికి రైతులు వాడే హెచ్‌డీపీఈ టార్పాలిన్. దీనికి భారతీయ ప్రమాణం కూడా ఉంది, ఐఎస్ 7903 అని పట్టా మీద ముద్రించి ఉంటుంది. చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో చెప్పే జీఎస్ఎం అంకెను చూసి కొనాలి. 200 జీఎస్ఎం పట్టా 28 అడుగుల బోటుకు సరిపడేంత తీసుకుంటే దాదాపు ఆరు కిలోలే తూగుతుంది, ఇద్దరు కలిసి నిమిషంలో పరిచేయవచ్చు. పలుచని నీలం పట్టాలు అన్నిటికంటే త్వరగా పొరలుగా రాలిపోతాయి. ఎండను తట్టుకోవడంలో నలుపే నయం, ఎందుకంటే అందులో కలిపే కార్బన్ మసి అతినీలలోహిత కిరణాలను ప్లాస్టిక్ లోపలికి పోనివ్వదు. అయితే ఈ పట్టాను కుట్టాలనుకోవడం నా దృష్టిలో పొరపాటు. ఇది నూలుతో నేసినది కాదు, సన్నని ప్లాస్టిక్ పట్టీలతో అల్లినది. సూది దిగిన ప్రతిచోటా ఒక పట్టీ తెగుతుంది, గాలికి పట్టా కొట్టుకున్నప్పుడు కుట్టు వెంబడే తపాలా బిళ్ల చినిగినట్లు చక్కగా చినిగిపోతుంది. పట్టాతోనే సరిపెట్టుకోదలిస్తే, అంచులు వేడితో అతికి రింగులు వేసిన తయారు పట్టాను సరిపోయే కొలతలో కొని, కత్తెర పెట్టకుండా వాడుకోవడం మేలు.

నూలు కాన్వాసు ఒకప్పుడు లారీల మీద కనిపించేది. తడిసినప్పుడు నూలుపోగులు ఉబ్బి సూది రంధ్రాలను తామే మూసుకోవడం దాని గొప్పతనం; ఆ పని ఏ కృత్రిమ దారమూ చేయలేదు. గాలి ఆడనిస్తుంది కాబట్టి చెక్క పడవకు అది ఇప్పటికీ మంచిదే. కానీ తడి ఆరకుండా మడిచిపెడితే బూజు పట్టి చివికిపోతుంది, తడిస్తే బరువు విపరీతంగా పెరుగుతుంది, మైనపు పూతను తిరిగి తిరిగి వేస్తూ ఉండాలి. ఓపిక ఉన్నవారికే అది.

నేటి లారీ టార్పాలిన్ చాలావరకు పీవీసీ పూత వేసిన పాలిస్టరు గుడ్డ. నీరు ఒక్క చుక్క కూడా దిగదు, రాపిడికి ఓర్చుకుంటుంది, కుట్టడానికి వీలవుతుంది, వేడిగాలితో అతకడానికి కూడా వీలవుతుంది. దీనికి రెండు లోపాలున్నాయి. ఒకటి బరువు: 650 జీఎస్ఎం గుడ్డతో మన 28 అడుగుల బోటు కవరు కుడితే దాదాపు 20 కిలోలు తూగుతుంది. రెండవది ఊపిరాడకపోవడం: లోపలి తేమ బయటికి పోయే దారి లేక తెల్లవారేసరికి కవరు లోపలి వైపు చెమట పట్టినట్లు నీటి బొట్లు నిలుస్తాయి, దిగువన ఉన్న చెక్క, తాళ్లు, వలలు బూజెక్కుతాయి. ఏళ్ల తరబడి ఎండలో ఉంటే పూతలోని మెత్తదనాన్నిచ్చే పదార్థం పోయి, గుడ్డ బిరుసెక్కి మడతల దగ్గర పగులుతుంది. ఏడాదికి 61 రోజులే కప్పి మిగిలిన కాలం చుట్టి నీడలో పెట్టే బోటుకు ఈ చివరి లోపం పెద్దగా తగలదు. అందుకే వేట బోటుకు నా ఎంపిక పీవీసీయే, గాలి దారులు తప్పకుండా పెట్టాలన్న షరతుతో.

ఇక సముద్ర పడవల కోసమే ప్రత్యేకంగా నేసే ఆక్రిలిక్ గుడ్డ. అమెరికాకు చెందిన గ్లెన్ రేవెన్ సంస్థ 1961లో తెచ్చిన సన్‌బ్రెల్లా ఈ రకానికి పేరుమోసిన ఉదాహరణ. మామూలు గుడ్డను నేశాక రంగులో ముంచుతారు. దీనిలో పోగు తయారు కాకముందే, కరిగిన ముద్దలోనే రంగు కలుపుతారు. వంకాయను కోస్తే లోపల తెలుపు, బీట్‌రూటును ఎక్కడ కోసినా ఎరుపు, ఈ రెండు గుడ్డల మధ్య తేడా కూడా అంతే. అందువల్ల ఎండకు రంగు వెలవదు, పోగు బలమూ త్వరగా తగ్గదు. తయారీదారు సముద్ర వాడకపు గుడ్డకు పదేళ్ల హామీ ఇవ్వగలగడానికి కారణం అదే. చదరపు మీటరుకు 310 గ్రాముల చొప్పున తూగుతుంది కాబట్టి పీవీసీలో సగం బరువే ఉంటుంది, గాలి ఆడుతుంది, తేమ బయటికి పోతుంది. కానీ పదునైన అంచు మీద రుద్దుకుంటే త్వరగా అరిగిపోతుంది, వాలు లేకుండా నీరు నిలిస్తే చెమ్మ దిగుతుంది, ధర మాత్రం పీవీసీకి అందనంత ఎత్తులో ఉంటుంది. హుస్సేన్ సాగర్ ఒడ్డున ఏడాదంతా ఉండే చిన్న పడవకు ఇదే తగినది. గుడ్డ తక్కువే పడుతుంది, ఎండ ఎక్కువే తగులుతుంది, కాబట్టి ఖరీదుకు న్యాయం జరుగుతుంది.

పోగులోనే రంగు కలిపిన పాలిస్టరు వీటి నడుమ నిలుస్తుంది. ఎండలో ఆక్రిలిక్ అంత కాలం రాదు గాని రాపిడికి దానికంటే గట్టిది, సాగడం తక్కువ. అమెరికాలో ట్రైలరు మీద పడవను సరస్సుకు లాక్కెళ్లే మన తెలుగువారికి, దారి పొడుగునా గాలికి కొట్టుకునే కవరు కోసమైతే, ఆక్రిలిక్ కంటే పాలిస్టరునే సూచిస్తాను.

దారం దగ్గర లోభిస్తే

మంచి గుడ్డ కొని, దర్జీ దుకాణంలో దొరికే నూలు దారంతో కుట్టిన కవర్లను చూశాను. రెండో వేసవికి గుడ్డ కొత్తదానిలాగే ఉంది, కుట్లు మాత్రం వేలితో లాగితే ఊడివచ్చాయి. గుడ్డలోని పోగులు ఒకదాని వెనుక ఒకటి దాక్కుంటాయి, పైనున్నది కిందిదానికి నీడనిస్తుంది. కుట్టు దారం మాత్రం గుడ్డ పైన ఒంటరిగా ఎండకు ఎదురు నిలుస్తుంది. అందువల్ల ఏ కవరులోనైనా ముందుగా చచ్చేది దారమే.

నూలు దారం తడికి చివికిపోతుంది, కనుక దాని ఊసే వద్దు. నైలాను గట్టిదే, కానీ ఎండకు పాలిస్టరు కంటే త్వరగా లొంగిపోతుంది, తడిసినప్పుడు సాగుతుంది. పురి విడిపోకుండా పైపూత వేసిన పాలిస్టరు దారం సాధారణ ఎంపిక. వీ-69 అనే మందానికి 16 నంబరు సూది, వీ-92 అనే మందానికి 18 నంబరు సూది సరిపోతాయి. ఏడాదంతా ఎండలో ఉండే కవరుకు ఈ దారం కొన్నేళ్లకు అరిగి, మళ్లీ కుట్టించాల్సి వస్తుంది. ఆ బాధ లేనిది పీటీఎఫ్‌ఈ దారం, అంటే అంటుకోని పెనాల మీద వేసే టెఫ్లాన్ పూత ఏ పదార్థమో దానితోనే తీసిన దారం. గోర్ సంస్థ టెనారా పేరుతో అమ్మేది ఈ కోవలోదే. ఎండ దానిని ఏమీ చేయలేదు. గుడ్డ పోయినా దారం ఉంటుంది. జారుడు గుణం వల్ల మిషను మీద బిగువు సరిచేయడం కొంత చికాకు, మొదటా చివరా ముడి వేయకపోతే ఊడిపోతుంది, ధర చూస్తే గుండె గుభేలుమంటుంది.

ఆ ధరను మీటర్లలో లెక్క వేసి చూడాలి. మన 28 అడుగుల బోటు కవరులో అతుకులు, అంచులు కలిపి రెండేసి వరుసలు కుడితే సుమారు 90 మీటర్ల కుట్టు అవుతుంది, పైదారం, బాబిన్ దారం కలిపి దానికి మూడింతలు, అంటే దాదాపు 270 మీటర్ల దారం పడుతుంది. లేజర్ పడవకైతే ఇందులో సగం కూడా పట్టదు. ఏడాదంతా ఎండలో ఉండే ఆక్రిలిక్ కవరుకు పీటీఎఫ్‌ఈ దారం పెట్టడం, తిరిగి కుట్టించే కూలితో పోల్చితే, చౌకే. 61 రోజుల పీవీసీ కవరుకు మాత్రం అది అనవసరమైన దర్జా. మంచి పాలిస్టరు చాలు.

మిషను, కుట్టు

ఇంట్లో కాలితో తొక్కే పాత ఇనుప మిషను ఉంటే, దానిని తక్కువగా చూడకండి. కొత్త ప్లాస్టిక్ మిషన్లు మూడు నాలుగు పొరల పీవీసీ దగ్గర ఆగి మూలుగుతాయి. పాత మిషను చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టూ దింపవచ్చు. పై పొరను, కింది పొరను రెంటినీ కలిపి లాగే వాకింగ్ ఫుట్ మిషను దొరికితే పని సాఫీగా సాగుతుంది, కానీ ఒక్క కవరు కోసం దానిని కొనడంలో అర్థం లేదు. సీట్లు, లారీ టార్పాలిన్లు కుట్టే దుకాణంలో అలాంటిది ఉంటుంది. పీవీసీ మిషను పాదానికి అంటుకొని కదలకపోతే టెఫ్లాన్ పాదం వేయాలి, లేదా కుట్టు దారిలో కాస్త టాల్కం పొడి చల్లాలి.

కుట్టు నిడివి 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే అంగుళానికి అయిదారు కుట్లు. చొక్కాకు కుట్టినట్లు దగ్గర దగ్గరగా కుడితే అతుకు బలపడుతుందని అనుకుంటాం గాని, సూది పోట్లు దగ్గరయ్యే కొద్దీ గుడ్డ బలహీనమవుతుంది. పీవీసీకి పడ్డ రంధ్రం ఎప్పటికీ మూసుకోదు కాబట్టి గుండుసూదులు కూడా వాడకూడదు. రెండు వైపులా జిగురుండే టేపుతో పొరలను ముందుగా అతికించి కుట్టాలి. ఆక్రిలిక్ అంచు పోగులు ఊడకుండా వేడి కత్తితో కోయాలి, అది లేకపోతే టంకం పెట్టే సాల్డరింగ్ ఐరన్ కూడా పనికివస్తుంది. అతుకుకు జీన్స్ ప్యాంటు లోపలి కాలి వెంబడి కనిపించే మడత కుట్టే సరైనది, అందులో కోసిన అంచు లోపలికి పోయి, రెండు వరుసల కుట్టు పడుతుంది. పడవకూ కుట్టుకూ చుట్టరికం మన తీరానికి కొత్త కాదు. మసులా పడవల పలకలను మేకులు కొట్టకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు, అందువల్ల ఒడ్డున విరిగే అలల తాకిడికి అవి పగలకుండా వంగి నిలిచేవి.

గుడ్డను ఎటు పరచి అతకాలన్నది కూడా ఒక ఎంపికే. కవరు కొలత 9.5 మీటర్ల పొడవు, 3.2 మీటర్ల వెడల్పు అనుకుంటే, ఒకటిన్నర మీటర్ల పన్నా గల గుడ్డను బోటుకు అడ్డంగా పరిస్తే 3.2 మీటర్ల ముక్కలు ఏడు, అంటే 22.4 మీటర్ల గుడ్డ పడుతుంది. నిలువుగా పరిస్తే 9.5 మీటర్ల ముక్కలు మూడు, అంటే 28.5 మీటర్లు. కుట్టు పొడవు రెండింటిలోనూ దాదాపు 19 మీటర్లే. అడ్డంగా పరచడంలో గుడ్డ మిగలడమే కాక, వాన నీరు అతుకు వెంబడే జారిపోతుంది. నిలువు అతుకు మీదికి మాత్రం నీరు అడ్డంగా వచ్చి తగులుతుంది. నేనైతే రెండో ఆలోచన లేకుండా అడ్డమే ఎంచుకుంటాను. లేజర్ పడవకు లెక్క వేరు: 60 అంగుళాల పన్నా, అంటే 152 సెంటీమీటర్లు, పడవ వెడల్పుకు చాలుతుంది, కనుక పైన అతుకే అవసరం లేదు. పైభాగానికి 4.8 మీటర్లు, చుట్టూ వేలాడే అంచుకు 1.8 మీటర్ల ముక్కను ఆరు పట్టీలుగా చీల్చి అతికితే, 7 మీటర్ల గుడ్డలో అరిగే చోట వేసే మాసికలకు కూడా కాస్త మిగులుతుంది. ఆ మాసికలను మరచిపోకూడదు. తాడు కట్టే కొయ్యలు, మూలలు, తెరచాప స్తంభపు రంధ్రం తగిలే చోట రెండో పొర గుడ్డ గాని పీవీసీ ముక్క గాని ముందుగానే కుట్టాలి. ఖరీదైన గుడ్డను కోయడానికి ముందు చౌక ప్లాస్టిక్ షీటును పడవ మీద పరచి, పెన్నుతో గీసి, దానిని నమూనాగా వాడుకుంటే ఒక్క రోజు పోయినా గుడ్డ పోదు.

వాలు, గాలి, బరువు

ఏ గుడ్డ ఎంచుకున్నా, మధ్యలో వాసం లేకుండా పరిస్తే కవరు గుంట పడుతుంది. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు గల గుంటలో పది సెంటీమీటర్ల నీరు నిలిస్తే అది వంద కిలోలు. అంత బరువుకు రింగులు ఊడతాయి, అతుకులు విచ్చుకుంటాయి, దోషం మాత్రం కుట్టినవారి మీదికి పోతుంది. ముందు నుంచి వెనుకకు ఒక వెదురు బొంగును ఎత్తుగా కట్టి, గుడారంలా రెండు వైపులా వాలు వచ్చేలా చేస్తే చాలు. ఆ వాసం రెండు చివర్లా గాలి వచ్చిపోయే ఖాళీ వదలాలి. పీవీసీకి ఇది తప్పనిసరి. పెట్రోలు, కిరోసిను డబ్బాలను కవరు కింద ఉంచకూడదు, మూసిన చోట వాటి ఆవిరి పేరుకుంటుంది.

అంచుకు రింగులు పెట్టాలా, తాడు దూర్చే నవారు ఉచ్చులు కుట్టాలా అన్నదానికి నా సమాధానం నవారే, అయితే మంచానికి అల్లే నూలు నవారు కాదు, పాలిస్టరుది. రింగు గుడ్డను ఒక్క బిందువు దగ్గర లాగుతుంది, నాలుగు అంగుళాల మేర పెట్టె ఆకారంలో కుట్టిన నవారు ఆ లాగుడును పంచుకుంటుంది. రింగులే కావాలంటే ఇత్తడివి తీసుకోండి, ఇనుపవి ఉప్పుగాలికి తుప్పు పట్టి గుడ్డను కూడా తింటాయి. ఇసుక ఒడ్డున మేకులు నిలవవు కాబట్టి, నీళ్లు నింపిన ప్లాస్టిక్ సీసాలను నవారు ఉచ్చులకు వేలాడదీయడం చవకైన ఉపాయం. గాలికి కవరు కాస్త లేచి మళ్లీ కూర్చుంటుంది, బిగిసిన తాడులా తెగదు. తుఫాను హెచ్చరిక వస్తే మాత్రం ఏ ఉపాయాన్నీ నమ్మకుండా కవరును తీసి చుట్టేయాలి. నిషేధ కాలంలో తుఫానులు రావనుకోవడానికి లేదు: 2010లో లైలా, 2022లో అసాని మే నెలలోనే ఆంధ్ర తీరాన్ని తాకాయి.

మొత్తం కవరు సొంతంగా కుట్టాలా, కుట్టించాలా అన్నది ఇంకా తేలకపోతే, ముందుగా ఇంజను తొడుగుతో మొదలుపెట్టండి. రెండు మీటర్ల లోపు గుడ్డతో, ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. బిగువు, సూది, మడత కుట్టు అన్నీ చేతికి తెలిసివస్తాయి. అది నచ్చేలా వస్తే లేజర్ లాంటి చిన్న పడవ కవరును ఇంట్లోనే ధైర్యంగా కుట్టవచ్చు. 20 కిలోల పీవీసీ కవరును మాత్రం ఇంటి మిషను కింద తిప్పడం ఒక్కరి వల్ల కాదు. నమూనా, కొలతలు, మాసికల స్థానాలు మీరే గీసి, దారాన్ని మీరే కొని ఇచ్చి, లారీ టార్పాలిన్ దుకాణంలో అతికించుకోవడం ఉత్తమం. దారం సంగతి దుకాణానికి వదిలేస్తే, వారి దగ్గర ఉన్నదే వేస్తారు.

జూన్ రెండో వారంలో కవరు తీసేటప్పుడు మంచినీటితో కడిగి, ఉప్పు పోయాక పూర్తిగా ఆరనివ్వాలి, ఎందుకంటే గుడ్డలో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను లాక్కొని ఎప్పటికీ చెమ్మగానే ఉంచుతుంది. ఆక్రిలిక్‌ను మడిచినా ఫరవాలేదు. పీవీసీని మాత్రం మడవకుండా, వాసంగా వాడిన ఆ వెదురు బొంగుకే చుట్టి, ఎలుకలు అందుకోలేని ఎత్తులో దూలానికి వేలాడగట్టండి.